వడ్ల మీద సైకిలు

మెర్లిన్ చెయ్యి విరగ్గొట్టుకోకపోయి ఉంటే నేను ఈ వయసులో ట్రాక్ ప్యాంటు వేసుకునేదాన్ని కాదు.

మెర్లిన్ మా అమ్మాయి వినీలతో కలిసి చదువుకున్న పిల్ల. నెల్లూరు సైకిలు క్లబ్బు వాళ్లు మార్చిలో పెట్టిన అడ్వెంచర్ రేసుకు ఇద్దరూ ఒక జట్టుగా పేర్లు ఇచ్చారు. మైపాడు ఒడ్డున ఇసుకలో పరుగు, అక్కణ్ణుంచి నెల్లూరు దాటి పడమటి కొండ దాకా సైకిలు, చివర నడుముకు తాడు కట్టుకుని నిలువు బండ ఎక్కడం. జట్టులో ఒకరు పరిగెత్తి బండ ఎక్కాలి, రెండోవాళ్లు మధ్యలో సైకిలు తొక్కాలి. పరుగూ బండా వినీలవి. సైకిలు మెర్లిన్‌ది. జనవరి చివర్లో ఆ పిల్ల తడి గచ్చు మీద జారిపడి చేతికి కట్టుతో కూర్చుంది.

"మా, నువ్వు తొక్కు," అంది వినీల అన్నం తింటూ.

నేను పోస్టు పంచుతాను. మా ఊరూ చుట్టుపక్కల ఊళ్లూ ఇన్నేళ్లుగా సైకిలు మీదే తిరుగుతున్నాను. సుభాషిణి అని పిలిచేది మా పుట్టింటివాళ్లు మాత్రమే. మిగతా అందరికీ నేను పోస్టమ్మని.

"మీ అమ్మకు నలభై ఆరు," అన్నాడు మా ఆయన గిరిబాబు, నేను అక్కడ లేనట్టు.

"అయితే ఏం నాయనా, రోజూ తొక్కేదే గదా."

"జాబులు పంచేదానికి తొక్కేది వేరు, పందేనికి తొక్కేది వేరు."

వినీల డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. ఉత్తరాఖండ్‌లో కొండలెక్కడం నేర్పే శిక్షణలో జూన్‌కల్లా చేరాలని, నేర్చుకుని వచ్చి పిల్లలకు నేర్పాలని దాని పట్టు. నెల్లూరులో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలని ఆయన పట్టు. రెండు నెలలుగా ఇంట్లో కూరలో ఉప్పు గురించి మాట మొదలుపెట్టినా అది కొండ దగ్గరికో బ్యాంకు దగ్గరికో పోయి ఆగేది. ఆ పూట ఆయన విసిగిపోయాడు.

"సరే. ఈ పందెం టయానికి పూర్తి చెయ్యండి. చేస్తే నువ్వు యాడికి పోవాలంటే ఆడికి పో, నేను అడ్డం రాను. చెయ్యకపోతే మరుసటి రోజే కోచింగు. మళ్లీ కొండ మాట ఎత్తగూడదు."

"ఎత్తను," అంది వినీల.

నన్నెవరూ అడగలేదు. నేను మజ్జిగ పోసుకుని లేచాను.

మా అత్త పెంచలమ్మ మాత్రం గడప మీద కూర్చుని అడిగింది. "ఏందమ్మే, కోతల కాలంలో ఇంటి ఆడది పందేలకు పోతే కళ్లం కాడ ఎవురుండేది?"

"మన కోతలు నెలాఖరుకు గదత్తా. పందెం అంతకు ముందే."

"నీ కోసరం చేను ఆగుద్దా?"

చేను ఆగుతుందనే అనుకున్నాను.

క్లబ్బు తరఫున పందెం చూసుకునే సుశీల్ కుమార్ నాకొక గేర్ల సైకిలు ఇచ్చాడు. "మీ సైకిలుతో అయితే కొండ చేరేసరికి సాయంత్రం అవుద్ది ఆంటీ," అన్నాడు. నా సైకిలు మీద నేను నిటారుగా కూర్చుంటాను. దీని మీద బోర్లా పడుకున్నట్టు వంగాలి. వంగితే నడుము పట్టేసేది. సీటు పీటముక్కలా గట్టిగా ఉండేది. గేరు మార్చబోతే గొలుసు ఊడేది, గొలుసు ఎక్కించబోతే చేతులు నల్లబడేవి, ఆ చేతులతో ఇంటికొస్తే మా అత్త నీళ్ల బిందె ముట్టుకోనిచ్చేది కాదు. చీర మీద కుదరదని ట్రాక్ ప్యాంటు, దాని మీద మోకాళ్ల దాకా చుడీదార్ టాపు. టీ కొట్టు ముందు నుంచి పోతుంటే రోజూ ఎవరో ఒకరు అనేవాళ్లు.

"ఏం పోస్టమ్మా, ఈ మధ్య జాబులు ఇంత జోరుగా వస్తుండాయే?"

"నీకు మాత్రం ఒక్కటీ రాలేదులే, కూర్చో."

మా ఆయన అడ్డు చెప్పలేదు, సాయమూ చేయలేదు. నేను తెల్లవారి సైకిలు బయటికి తీస్తుంటే నిద్రపోతున్నట్టు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నిజంగా నిద్రపోతే ఆయన గురక పెడతాడు. ఆ రోజుల్లో ఆ వేళకు గురక వినపడేది కాదు. లేచి టైర్లలో గాలన్నా కొట్టవచ్చు కదా అనిపించేది. అడగడం నాకు ఇష్టం లేకపోయింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సుశీల్ మోటారుసైకిలు మీద ముందు పోతుంటే దారి మొత్తం తొక్కి చూశాను. రోడ్డుకు రెండు వైపులా పైరు పచ్చగా ఉంది. రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. పదకొండు తర్వాత బండ కాలిపోతుందనీ, ఆ లోపల సైకిలు అందకపోతే తాడు ఇవ్వరనీ నియమం. నేను అరగంట ముందే చేరాను. అక్కడ కాచుకుని ఉన్న వినీల ఫోనులో టైము చూసి, "మా, ఇట్టనే తొక్కు, చాలు," అంది. చాలా రోజుల తర్వాత దాని ముఖంలో చిటపట లేదు.

వెళ్లేటప్పుడు సుశీల్ నాతో ఒక మాట అన్నాడు. "ఆంటీ, మీరు ఊళ్లన్నీ తిరుగుతారు గదా. పందెం రోజు మధ్యాహ్నం దాకా ఈ రోడ్డు మీదికి బస్సులు, లారీలు రావని అందరికీ చెప్పండి. పోలీసులు ఆపేస్తారు. జనం ఇబ్బంది పడకూడదు."

ఇంటింటికీ చెప్పాను. పెన్షన్ డబ్బులు ఇస్తూ చెప్పాను, ఆధార్ కవరు ఇస్తూ చెప్పాను. పొరుగూరి లాజరస్ ఇంట్లో అయితే రెండుసార్లు చెప్పాను, ఆయనకు చెవి కాస్త మందం.

పందేనికి ముందు రోజు, శనివారం పొద్దున మిషన్ల ఏజెంటు పద్మనాభయ్య ఫోను చేశాడు. కొడవలూరు వైపు పైరు ఇంకా పండలేదట, కోత మిషన్ ఖాళీగా ఉందట. ఇవాళ కోయించుకుంటే సరి, లేదంటే అది ఆ వైపు పోయి ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పలేనన్నాడు. మా పైరు వెన్నులు అప్పటికే వంగి ఉన్నాయి. మా ఆయన నా వైపు చూశాడు. నేనేం చెప్పను? మధ్యాహ్నానికి మిషన్ చేలో దిగింది. చీకటి పడేసరికి పచ్చి వడ్లు ట్రాక్టరులో ఇంటి ముందుకు వచ్చాయి. చెయ్యి పెడితే వెచ్చగా, తేమగా ఉన్నాయి.

"రేపు ఎండబెట్టకపోతే ముక్కిపోతాయి," అన్నాడు ఆయన. "యాడ పొయ్యాలో."

"యాడేంది, ఎప్పుడూ పోసే కాడే," అంది మా అత్త. "రోడ్డు మీద."

"రేపు లారీలు గూడా రావంట. లాజరస్ చెప్పినాడు. అందురూ రోడ్డంతా పోస్తుండారు," అన్నాడు ఆయన.

"అయితే తెల్లారక ముందే పోసేయండి," అన్నాను నేను. "లేకపోతే మన జాగా ఇంకొకరు పట్టుకుంటారు."

వింటే ఎవరూ నమ్మరు. ఆ వాకిట్లో నలుగురం ఉన్నాం. వినీల నా సైకిలు గొలుసుకు నూనె పెడుతోంది. నేను మరుసటి రోజుకు బెల్లం వేరుశనగ పప్పు కలిపి ఉండలు చుడుతున్నాను. ఒక్కరికీ తట్టలేదు. మార్చి వచ్చిందంటే మా ఊళ్లలో తారు రోడ్డును రోడ్డుగా ఎవరూ చూడరు. అది కళ్లం. లారీల భయానికి ఏటా సగం రోడ్డే వాడుకునేవాళ్లం. ఈసారి మొత్తం దొరికిందని సంతోషపడ్డాం. ఆ మాట మోసుకుని తిరిగింది నేనే.

మైపాడు ఒడ్డున తెల్లవారుతుండగానే పరుగు మొదలైంది. చెన్నై నుంచి, తిరుపతి నుంచి వచ్చిన జట్లు చాలా ఉన్నాయి. వలలు సర్దుకుంటున్నవాళ్లు పనాపి చూస్తున్నారు. ఆ మెత్తటి ఇసుకలో వినీల మూడో మనిషిగా వచ్చింది. మోకాళ్ల దాకా ఇసుక, ముఖం ఎర్రగా. చేతి పట్టీ తీసి నా మణికట్టుకు చుడుతూ, "ఏం తొందరపడబాక, అలవాటైన దారేగదా," అంది. దాన్ని, మిగతావాళ్లను కొండ దగ్గరికి తీసుకుపోయే వ్యాను ఇంజన్ అప్పటికే మోగుతోంది.

అలవాటైన దారి లాజరస్ వాళ్ల ఊరి మొదట్లోనే ఆగిపోయింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, కంటికి ఆనినంత దూరం వడ్లు. నాకు ముందు పోతున్న ఇద్దరు చెన్నై కుర్రవాళ్లు వాటి మీదుగానే తొక్కేశారు. పాము పోయినట్టు రెండు గీతలు పడ్డాయి. లాజరస్ పార ఎత్తి పట్టుకుని వాళ్ల వెనక నాలుగడుగులు పరిగెత్తి ఆగాడు. ఆయన భార్య ఎలిశబెతు వాళ్ల తాతముత్తాతలను తలుచుకుంటోంది.

నా కాళ్లు నేల మీద ఆనాయి. నేను దిగాలనుకుని దిగలేదు. వడ్లు కనపడితే దిగడం, చెప్పులు తీయడం, అంచున నడవడం. పోస్టు సంచి భుజాన ఉన్న రోజుల్లో ఇదంతా ఆలోచించకుండా జరిగిపోయేది. ఇప్పుడు అంచు కూడా లేదు. పక్కన కాలువ, దాని గట్టున ముళ్లకంప. బూట్లు విప్పి లేసులు ముడేసి మెడలో వేసుకున్నాను.

"తొక్కుకుంటా పో పోస్టమ్మా," అన్నాడు లాజరస్. "వాళ్లు పోలేదా?"

"మాటలాపి ఆ వెనక చక్రం పట్టుకోన్నా."

ఇద్దరం సైకిలు మోసుకుంటూ నడిచాం. వడ్లు అరికాళ్లకు గుచ్చుకున్నాయి.

"నువ్వే గదమ్మా చెప్పినావు, ఈ పొద్దు బండ్లు రావని."

"బండ్లు రావన్నా. సైకిళ్లు రావని అన్నానా?"

"సైకిళ్లు వస్తాయని గూడా అనలేదే."

నేను అనలేదు. అందరికీ తెలుసులే అనుకున్నాను. ఎలిశబెతు వెనక నుంచి, "ఆమెనేమంటావు, కనీసం దిగింది," అంటోంది. ఆ మెచ్చుకోలు నాకు ఆ నిమిషంలో ఒళ్లు మండించింది. దిగినందుకు మెచ్చుకుంటే తాడు ఇస్తారా?

తర్వాత ఇంకొకరివి. ఆ తర్వాత ఇంకొకరివి. బూట్లు వేసుకోవడం, విప్పడం, మోయడం, ఎక్కడం. ఈసారి దిగను అని ప్రతిసారీ పళ్లు బిగించుకునేదాన్ని. దగ్గరికి వచ్చేసరికి కళ్లాపు చల్లినట్టు పరిచిన ఆ వడ్లూ, వాటి మధ్య తలగుడ్డ కట్టుకుని కాళ్లతో తిరగేస్తున్న ఎవరో తెలిసిన ముఖమూ కనపడేవి. రేపు ఆ గడపలోకే పోవాలి నేను. నా వెనక బయల్దేరినవాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటి కరకరమంటూ వెళ్లిపోతున్నారు. తర్వాత బూట్లు వేసుకోవడం మానేశాను. ఉత్త కాళ్లతో ఆ ఇనుప పెడళ్లు తొక్కాను.

సుశీల్ మోటారుసైకిలు మీద ఎదురొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "ఆంటీ, ఇదంతా ఏంది? ఫిబ్రవరిలో లేదే."

"ఫిబ్రవరిలో పైరు చేలో ఉండింది."

"దిగబాకండి ఆంటీ, టైము లేదు. అందరూ పోతుండారు గదా మీదనే."

"అందురూ ఈ ఊరోళ్లు కాదు గదయ్యా."

అతను తల పట్టుకుని వెళ్లిపోయాడు. అతని మీదా కోపం వచ్చింది, లాజరస్ మీదా వచ్చింది, అందరికన్నా నా కాళ్ల మీద వచ్చింది.

మా ఊరి మలుపు తిరిగాను. మా వడ్లు.

రోడ్డు నిండుగా పోశారు, సమంగా, అందంగా. బండ్లు రాకుండా ఈ మొదట్లో ఒక తుమ్మకొమ్మ అడ్డం వేశారు. మధ్యలో ఆయన, పంచె పైకి కట్టుకుని, కాళ్లు ఈడుస్తూ వరసలు తీస్తున్నాడు. ఆయన వెనక గీతలు దువ్వెనతో దువ్వినట్టున్నాయి. నన్ను చూసి ఆగాడు. నన్ను చూసిన తర్వాతే ఆయనకూ అర్థమైనట్టుంది. నోరు కొద్దిగా తెరిచి రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూశాడు.

"ఉండు, ఉండు," అంటూ వచ్చాడు. "నువ్వు దిగు. నేను ఎత్తి అవతల పెడతా."

మంచిగానే అన్నాడు. నిజంగానే చేతులు చాపుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ, ఒక్క గింజ కూడా చెదరకుండా జాగ్రత్తగా వస్తున్నాడు. ఆ జాగ్రత్త చూస్తూ ఉన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్న వీపు కనపడింది. కొండ దగ్గర ఎండలో నడుముకు బెల్టు కట్టుకుని కూర్చున్న పిల్ల కనపడింది.

నేను దిగలేదు. తుమ్మకొమ్మ పక్కనుంచి సైకిలు తిప్పి, గేరు తగ్గించి, మా వడ్ల మీదికి తొక్కాను.

వడ్ల మీద సైకిలు నడవదు. ఇసుకలో లాగా దిగబడుతుంది, ముందు చక్రం తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది. లేచి నిలబడి బలమంతా వేసి తొక్కాను. గింజలు చిట్లిన చప్పుడు వినిపించింది. ఆయన పక్కకు జరిగాడు. దాటుతున్నప్పుడు నేను ఆయన ముఖం చూడలేదు. అవతలి చివర గోనెసంచుల మీద కూర్చున్న మా అత్త లేచి, "ఏమే, కళ్లు పోయినాయా నీకు? అన్నమమ్మే అది," అని అరిచింది. ఆ అరుపు నాకు చాలా దూరం వినపడింది.

ఆ తర్వాత వచ్చినవి ఎవరివో నేను చూడలేదు. అన్నిటి మీదా తొక్కాను.

కొండ చేరేసరికి తాడు చుట్టేస్తున్నారు. వినీల బండ మొదట్లో రాయి మీద కూర్చుని ఉంది. బెల్టు ఇంకా నడుముకే ఉంది. సుశీల్ నా దగ్గరికి వచ్చి, "సారీ ఆంటీ, బండ ముట్టుకోండి, పెనంలా ఉంది. ఇప్పుడు ఎవురినీ ఎక్కించలేం," అన్నాడు. ముట్టుకున్నాను. పెనంలాగే ఉంది.

"ఎన్నిసార్లు దిగినావు మా?" అంది వినీల.

"లెక్క తెలీదు."

"లాజరస్ మామ వడ్లకు దిగినావా?"

"దిగినా."

"మన వడ్లకు?"

"దిగలేదు."

తల ఎత్తి నన్ను చూసింది. ఏదో అనబోయి, నా కాళ్లు చూసి ఆగింది. నెమ్మదిగా బెల్టు విప్పి సుశీల్‌కు ఇచ్చేసింది. వ్యానులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సాయంత్రం వడ్లు కుప్ప చేసి పట్ట కప్పాక ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "నువ్వు వడ్ల మీద..." అని ఆగాడు.

"మన వడ్లే గదా," అన్నాను.

మా అత్త రెండు రోజులు నా చేతి కాఫీ తాగలేదు.

నేను ఊహించనిది సోమవారం జరిగింది. వినీల పొద్దున్నే తలస్నానం చేసి, సంచి తగిలించుకుని నెల్లూరు బస్సెక్కింది. కోచింగ్‌లో చేరడానికి.

"ఎవురు పొమ్మన్నారే నిన్ను?" అని బస్సు దాకా వెంట పోయాను.

"మాట మాటే గదా మా. నాయన గెలిచినాడు."

రోజూ పోయి వచ్చేది. అన్నం పెడితే తినేది, ఏమడిగినా ఊఁ అనేది. బండ మాట ఎత్తలేదు. అరిచి గొడవ చేస్తే నేను దాని తరఫున మాట్లాడేదాన్ని. అది నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. కోరుకున్నట్టే జరిగిన మనిషి సంతోషంగా ఉండాలి కదా, ఆయనా సంతోషంగా లేడు. అన్నం ముందు కూర్చుని రెండుసార్లు, "క్లాసులు బాగుండాయా?" అని అడిగి, ఊఁ అనిపించుకుని ఊరుకున్నాడు.

శనివారం వడ్లు లారీకెక్కాయి. ఆ సాయంత్రం నేను సుశీల్‌కు ఫోను చేశాను. తర్వాత ఆయనతో అన్నాను.

"రేపు నువ్వు కొండ కాడికి రావాల."

"ఎందుకు?"

"సైకిలు నాది. ఆలస్యం చేసింది నేను. దాని పరుగు అది పరిగెత్తింది. బండ దాని చేతికి ఇయ్యనే లేదు. నువ్వు మాట పెట్టింది దానితో, నాతో కాదు."

"ఇప్పుడెక్కితే టయానికి ఎక్కినట్టా?"

"కాదు. అయినా రావాల."

వినీల కూడా రానంది. "పందెం అయిపోయింది, ఇప్పుడెందుకు," అంది. "నా కోసరం ఎక్కు, నా కాళ్లింకా మానలేదు," అన్నాను. ఆ మాటకు విసుక్కుంటూ బయల్దేరింది. ముగ్గురం ఆటోలో మూడు వైపులకు చూస్తూ పోయాం.

పొద్దున చల్లగా ఉన్నప్పుడే సుశీల్ పైనుంచి తాడు వదిలాడు. చూసేవాళ్లెవరూ లేరు, టైము కట్టేవాళ్లూ లేరు. వినీల చేతులకు సుద్దపొడి రాసుకుని బండను కాసేపు కింద నుంచి పైకి చదివినట్టు చూసింది. ఎక్కడం మొదలుపెట్టింది. నాకు చీలికలుగా కూడా కనపడని చోట దాని వేళ్లు పట్టు దొరికించుకుంటున్నాయి. ఎక్కడా తొందర లేదు. సగం పైన ఒకచోట ఆగి, కాలు మార్చి, వెనక్కి వచ్చి, ఇంకొక దారి వెతుక్కుంది. ఇంట్లో అంత ఓపికగా అది ఏ పనీ చేయగా నేను చూడలేదు.

మా ఆయన మెడ వెనక్కి వంచి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వినీల పై అంచు అందుకుని ఒళ్లు పైకి లాక్కుంది. చెయ్యి ఊపలేదు.

"అయిపోయిందా?" అన్నాడు ఆయన.

"అయిపోయింది."

"దీనికా మన వడ్లు తొక్కినావు?"

"దీనికే."

ఆయన కండువా తల మీద వేసుకుని పైకే చూస్తూ నిలబడ్డాడు. వినీల దిగడం మొదలుపెట్టింది, ఎక్కినదానికన్నా నెమ్మదిగా. మధ్యలో పాదం జారి ఒక్క క్షణం తాడు మీద వేలాడింది. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత గట్టిగా. పిల్ల మళ్లీ బండను అందుకున్నాక కూడా వెంటనే వదల్లేదు.

"ఆ ఉత్తరాఖండ్‌లో దిగేది గూడా నేర్పిస్తారా?" అన్నాడు.

"ముందు అదే నేర్పిస్తారంట."

"అంట అంటే కాదు. సరిగ్గా కనుక్కో," అన్నాడు. "జూన్‌కు ఎంతో లేదు."